ఒరెగాన్ రైతు ఇల్లాలు అబిగైల్ డునివే, ఆడవాళ్ల ఓటు: తరచుగా అడిగే ప్రశ్నలు

అబిగైల్ స్కాట్ డునివే ఎవరు?

అమెరికా పడమటి తీరంలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఆడవాళ్లకు ఓటు హక్కు కోసం నలభై ఏళ్లకు పైగా కొట్లాడిన మనిషి. 1834 అక్టోబర్ 22న ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో పుట్టింది. పదిహేడేళ్ల వయసులో ఎడ్లబండి మీద ఒరెగాన్‌కి వలస వచ్చింది. అక్కడ పొలం చేసింది, పాడి చూసింది, ఆరుగురు పిల్లల్ని కని పెంచింది. బడి నడిపింది, టోపీల కొట్టు పెట్టింది. ముప్పై ఆరో ఏట సొంతంగా వారపత్రిక మొదలుపెట్టి పదహారేళ్లు నడిపింది. 1912లో ఒరెగాన్ ఆడవాళ్లకు ఓటు వచ్చినప్పుడు ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు.

అమెరికా ఓటు ఉద్యమం అనగానే న్యూయార్క్, బోస్టన్ లాంటి చోట్ల సభలు పెట్టిన చదువుకున్న మహిళలే గుర్తొస్తారు. డునివే ఆ వర్గం మనిషి కాదు. ఆమె బడికి వెళ్లిన కాలమంతా కలిపితే ఏడాది కూడా ఉండదు. ఓటు ఎందుకు కావాలో ఆమెకు వెన్న అమ్మిన డబ్బులు, మొగుడు పెట్టిన సంతకాలు, ఇంటికొచ్చిన కోర్టు కాగితం నేర్పాయి. ఆమె గురించి తెలుగులో రాయాలని నాకు అనిపించింది కూడా అందుకే.

ఒరెగాన్‌కి ఎలా వచ్చారు? ఆ ప్రయాణం అంత కష్టమా?

1852 ఏప్రిల్‌లో తండ్రి జాన్ టక్కర్ స్కాట్ ఇల్లూ వాకిలీ అమ్మేసి, భార్యనీ తొమ్మిది మంది పిల్లల్నీ గుడ్డ కప్పిన ఎడ్లబండ్లలో ఎక్కించుకుని బయల్దేరాడు. తల్లి ఆన్‌కి వెళ్లడం ఇష్టం లేదు. వరస కాన్పులతో ఆమె ఒంట్లో అప్పటికే సత్తువ లేదు. పన్నెండు కాన్పులైన మనిషి. అయినా ఆ రోజుల్లో ఎటు వెళ్లాలన్నది ఇంటాయన నిర్ణయం.

రెండు వేల మైళ్లు దాటిన ఆ దారిలో తండ్రి పిల్లలందరికీ తలా ఒక పని పంచాడు. అబిగైల్‌కి రోజూ దినచర్య రాసే పని పడింది. ఎన్ని మైళ్లు నడిచారు, గడ్డి ఎక్కడ దొరికింది, నీళ్లు ఎలా ఉన్నాయి, ఇవన్నీ రాసేది. దారి పక్కన కనబడిన కొత్త సమాధుల సంగతీ రాసేది. ఆ ఏడాది దారంతా కలరా. జూన్‌లో, నేటి వ్యోమింగ్ ప్రాంతంలో, కలరా సోకి తల్లి చనిపోయింది. అక్కడే పూడ్చిపెట్టి బండ్లు కదిలించాల్సి వచ్చింది. చలికాలం మంచు పడేలోపు కొండలు దాటకపోతే మిగిలినవాళ్లూ దక్కరు మరి. ఆగస్టులో, గమ్యం ఇక చేరువలోకి వచ్చిందనగా, చిన్న తమ్ముడు విల్లీ కూడా పోయాడు. కుటుంబం శరదృతువులో లఫాయెట్ అనే ఊరు చేరింది.

తల్లి గురించి ఇంకో మాట చెప్పాలి. అబిగైల్ పదో పుట్టినరోజు నాడు, నువ్వు ఆడపిల్లవై పుట్టావని తెలిసినప్పుడు తట్టుకోలేనంత దుఃఖం వచ్చిందని తల్లే ఆమెతో చెప్పింది. ఆ తర్వాత ఇంట్లో మరో ఆడపిల్ల పుట్టినప్పుడు, దీని బతుకూ నా బతుకులాగే అవుతుంది కదా అని ఏడ్చింది. ఆడపిల్ల భారం అనుకుని కాదు, ఆడదాని బతుకులో ఎంత చాకిరీ ఉందో తనకు తెలుసు కాబట్టి. అబిగైల్ ఈ మాటల్ని ఎనభై ఏళ్ల వయసులో రాసిన ఆత్మకథలోనూ మర్చిపోలేదు.

అక్కడ భూమి ఉచితంగా ఇచ్చారంటారు. నిజమేనా?

వలస వచ్చిన తెల్లవాళ్లకు ఇచ్చారు. 1850లో అమెరికా పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, అప్పటికే ఒరెగాన్‌లో స్థిరపడ్డ ఒంటరి మగవాడికి 320 ఎకరాలు, పెళ్లైన జంటకు 640 ఎకరాలు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు అందులో సగం. నాలుగేళ్లు అక్కడే ఉండి సాగు చేయాలి. ఆ చట్టంలో ఒక విశేషం ఉంది. జంటకిచ్చే భూమిలో సగం భార్య పేరు మీదే రాయాలి. ఆ కాలానికి అది పెద్ద సంగతే. కానీ దాని వల్ల ఏం జరిగిందంటే, ఎక్కువ భూమి వస్తుందని మగవాళ్లు చిన్న చిన్న ఆడపిల్లల్ని కూడా పెళ్లాడేశారు.

ఇక ఆ భూమి ఎవరిది అన్న ప్రశ్న. వలస వచ్చినవాళ్లు దిగిన విల్లామెట్ నది లోయ కలపూయ, మొలాలా లాంటి ఆదివాసీ తెగలది. వాళ్లతో ఒప్పందాలు కుదరకముందే ప్రభుత్వం భూములు పంచడం మొదలెట్టింది. 1855లో కలపూయలతో ఒప్పందం చేసుకుని, 1856లో బతికున్న కొద్దిమందినీ గ్రాండ్ రోండ్ అనే చోటికి తరలించారు. తెల్లవాళ్లు తెచ్చిన జబ్బులతో అంతకుముందే వాళ్లలో అత్యధికులు చనిపోయారు. డునివే కథ చెప్పేటప్పుడు ఈ సంగతి దాటేయకూడదు. ఆమె కష్టం నిజం. ఆమె కష్టపడ్డ నేల ఇంకొకరి దగ్గర నుంచి తీసుకున్నదన్నదీ అంతే నిజం.

పొలంలో ఆమె బతుకు ఎలా ఉండేది?

ఒరెగాన్ చేరాక కొద్ది నెలలు బడిలో పాఠాలు చెప్పింది. 1853 ఆగస్టులో బెంజమిన్ డునివే అనే రైతుని పెళ్లి చేసుకుంది. క్లాకమస్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అడవి మధ్య అతని పొలం. ఎంత గీకినా ఏమీ రాలని నేల అనే అర్థం వచ్చేలా ఆమె దానికి 'హార్డ్‌స్క్రాబుల్' అని పేరు పెట్టింది.

చుట్టుపక్కల అంతా పెళ్లికాని మగవాళ్లు. భోజనాల వేళకి వాళ్లందరూ పెళ్లైనవాళ్ల ఇళ్లకి చేరేవాళ్లు. బెంజమిన్ మంచివాడు, నలుగురు వస్తే సంబరపడే మనిషి. ఆయన పొయ్యి దగ్గర కూర్చుని వచ్చినవాళ్లతో కబుర్లు చెబుతుంటే, ఆమె వెనక పంచలోని వంటింట్లో వాళ్లకి వండేది. వండని వేళ బట్టలు ఉతికేది, నేల తోమేది, వెన్న చిలికేది, లేదా చంటిదానికి పాలిచ్చేది. పెళ్లైన రెండున్నరేళ్లలో ఇద్దరు పిల్లలు. ఏడాదికి వేల పౌన్ల వెన్న తీసి బజారుకి పంపేదాన్నని, ఇంటికొచ్చినవాళ్లకి పెట్టింది దానికి అదనమని ఆమే రాసుకుంది. అంత వెన్న అమ్మినా తన చేతిలో సొంతానికి ఒక్క పైసా ఉండేది కాదట.

పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకి ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. పాలు పిండటం, తోడు వేయడం, చిలకడం, గిన్నెలు కడగడం ఆమెది. డబ్బు మాత్రం ఆయన జేబులోకి.

1857లో యాంహిల్ కౌంటీలో లఫాయెట్ దగ్గర ఇంకో పొలానికి మారారు. ఈ చాకిరీ మధ్యలోనే ఆమె రాయడం మొదలెట్టింది. 'ఒక రైతు భార్య' అనే పేరుతో స్థానిక పత్రికకి ఉత్తరాలు రాసేది. 1859లో 'కెప్టెన్ గ్రేస్ కంపెనీ' అనే నవల అచ్చయింది. ఒరెగాన్‌లో అమ్మకానికి అచ్చువేసిన మొదటి నవల అదే. అప్పటికి ఆమెకు పాతికేళ్లు నిండలేదు.

ఓటు కావాలన్న ఆలోచన ఆమెకి ఎక్కడ మొదలైంది?

నాకు తెలిసి ఆమె జీవితంలో అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. జవాబు మూడు నాలుగు సంఘటనల్లో ఉంది.

మొదటిది ప్రామిసరీ నోట్ల గొడవ. బెంజమిన్ ఒక స్నేహితుడి అప్పుకి హామీగా నోట్ల మీద సంతకాలు పెట్టాడు. నూటికి రెండు వడ్డీ, ఆపైన చక్రవడ్డీ. భార్య వద్దనుకున్నా ఆపే హక్కు ఆమెకి లేదు. 1861 డిసెంబర్‌లో విల్లామెట్ నదికి పెద్ద వరద వచ్చి రైతుల్ని ముంచేసింది. స్నేహితుడు చేతులెత్తేశాడు. ఒకరోజు భర్త ఇంట్లో లేనప్పుడు షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) గుమ్మం ముందుకొచ్చి కోర్టు సమన్లు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మనసులో పడ్డ ప్రశ్న సూటిగా ఉంది. అప్పు చేసేటప్పుడు నేను చట్టం దృష్టిలో మనిషినే కాదు, నన్నెవరూ అడగలేదు. కట్టాల్సి వచ్చేసరికి మాత్రం భర్త తరఫున కాగితం తీసుకోవడానికి నేను పనికొచ్చానా?

1862లో పొలం పోయింది. తర్వాత కొన్నాళ్లకే బెదిరిన గుర్రాల బండి కింద పడి బెంజమిన్ నడుం దెబ్బతింది. ఇక బరువు పనులు చేయలేని మనిషి అయ్యాడు. ఇల్లు గడపాల్సిన భారం ఆమె మీద పడింది. లఫాయెట్‌లో పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదువు చెప్పే బడి నడిపింది. తర్వాత కుటుంబం ఆల్బనీ అనే ఊరికి మారింది. అక్కడా కొన్నాళ్లు బడి నడిపి, ఆడవాళ్ల టోపీలు, కుట్టు సామాన్లు అమ్మే కొట్టు పెట్టింది.

ఆ కొట్టే ఆమెకి అసలు బడి అయింది. వచ్చే ఆడవాళ్లు రిబ్బన్లు కొంటూ తమ గోడు చెప్పుకునేవాళ్లు. పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. చలికాలమంతా అదనంగా వెన్న తీసి కూడబెట్టిందట, కూతుళ్లు వానలో తడవకుండా బడికి వెళ్లేందుకు వాన కోట్లు కొనాలని. తీరా చూస్తే మొగుడు ఆ డబ్బు పెట్టి పందెం గుర్రం కొన్నాడు. ఆవిడ కొట్లో నిలబడి ఏడ్చింది. చట్టం ప్రకారం మొగుడు చేసిందాంట్లో తప్పు లేదు. భార్య సంపాదన అతనిదే.

ఇంకోసారి ఒక వితంతువుకి తోడుగా కోర్టుకి వెళ్లింది. భర్త పోయాక ఆస్తి లెక్కలు ఏటా కోర్టుకి అప్పజెప్పి, అందుకు ఫీజులు కట్టాలి. భార్య పోతే భర్తకి ఈ బాధ ఉండదు. ఇదేమిటని డునివే అడిగితే, మీరు ఆడవారు, చట్టంలోని మెలికలు మీకు అర్థం కావులెండి అన్నట్టు జడ్జి మాట్లాడాడు. ఖర్చులు కట్టేంత తెలివి మాత్రం మాకు ఉందనుకుంటారు కదా అని ఆమె అక్కడికక్కడే బదులిచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భర్తతో ఇదంతా చెప్పుకుని బాధపడింది. అప్పుడు బెంజమిన్ అన్న మాటల్ని ఆమె ఆత్మకథలో పూర్తిగా రాసింది. ఓటు వచ్చేదాకా ఆడవాళ్ల పరిస్థితి బాగుపడదు అన్నాడు. ఓటుతో ఏమొస్తుందని ఆమె అడిగింది. లోకంలో సగం పని ఆడవాళ్లే చేస్తున్నారు, పైగా పిల్లల్నందర్నీ కనేదీ వాళ్లే, వచ్చే డబ్బులో సగం మీదైనా వాళ్లకి అధికారం ఉండొద్దా, ఓటుంటే చట్టాలు చేసేవాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు కదా అన్నాడాయన. అప్పటిదాకా ఆమెకి తోచని దారి అది.

అంటే భర్త అడ్డు చెప్పలేదన్నమాట?

లేదు. ఆమె ఊళ్లు తిరుగుతుంటే ఇంటి పట్టున ఉన్నది ఆయనే. తర్వాతి రోజుల్లో ఎక్కడ ఉండాలన్న దాని మీద ఇద్దరి మధ్య తేడాలొచ్చాయి. కానీ ఆమె ఓటు పనికి ఆయన ఎన్నడూ ఎదురు నిలవలేదు. 1896లో ఆయన చనిపోయాడు.

పత్రిక ఎలా నడిపింది?

1871లో కుటుంబంతో పోర్ట్‌లండ్ నగరానికి మారి, మే 5న 'ద న్యూ నార్త్‌వెస్ట్' అనే వారపత్రిక మొదటి సంచిక తెచ్చింది. అంతకుముందు పత్రికాఫీసులో పనిచేసిన అనుభవం లేదు. ఇంటి మేడ మీద ప్రెస్సు పెట్టింది. అక్షరాలు పేర్చే పని కొడుకులు నేర్చుకున్నారు. చెల్లెలు కేథరీన్ సంపాదకత్వంలో చేయి వేసింది.

పత్రికలో ఓటు వ్యాసాలు ఒక్కటే ఉంటే ఎవరూ కొనరని ఆమెకి తెలుసు. అందుకే సీరియల్ నవలలు తానే రాసేది. భర్తలు మోసం చేసిన ఆడవాళ్లు, కాపురాల్లో నలిగిపోయే ఆడవాళ్లు ఆ కథల్లో ఉండేవాళ్లు. పాఠకుల ఉత్తరాలకి జవాబులుండేవి. ఊళ్లు తిరిగినప్పుడు చూసినవి రాసేది. చందాలు పోగేయడానికి స్టీమర్లలో, గుర్రపు బండ్లలో, బురద దారుల్లో తిరిగేది. ఊరు చేరాక చందాలు రాయించుకోవడం, రాత్రికి ఉపన్యాసం, మర్నాడు ప్రయాణం, దారిలో కూర్చుని వచ్చే వారం సీరియల్ భాగం. పదహారేళ్లు ఇలాగే సాగింది. 1887లో పత్రిక అమ్మేసింది.

అన్నిచోట్లా మర్యాద దక్కలేదు. 1879లో జాక్సన్‌విల్ అనే ఊళ్లో ఆమె మీద కోడిగుడ్లు విసిరారు, దిష్టిబొమ్మ తగలబెట్టారు. ఆమె ఆ సంగతి దాచకుండా తన పత్రికలోనే రాసింది.

సూసన్ ఆంథోనీతో ఆమెకి పరిచయం ఎలా?

అమెరికా ఓటు ఉద్యమంలో పెద్ద పేరున్న సూసన్ బి. ఆంథోనీ 1871లో పడమటి తీరానికి వచ్చింది. పత్రిక పెట్టి నాలుగు నెలలే అయినా, ఆమె పర్యటన ఏర్పాట్లన్నీ డునివే తన నెత్తిన వేసుకుంది. ఇద్దరూ కలిసి ఒరెగాన్, దాని పక్కనే ఉన్న వాషింగ్టన్ ప్రాంతాలు చుట్టారు. సభలో ముందు డునివే మాట్లాడి ఆంథోనీని పరిచయం చేసేది. వేదిక మీద నిలబడి మాట్లాడటం ఆమెకి అబ్బింది ఈ రెండు నెలల్లోనే.

1872 ఎన్నికల్లో ఆమె ఓటు వేసిందంటారు, నిజమా?

వేయడానికి వెళ్లింది. ఆ ఏడాది నవంబర్‌లో అధ్యక్ష ఎన్నికల రోజున పోర్ట్‌లండ్‌లో ఆమె, మరో ముగ్గురు ఆడవాళ్లు పోలింగ్ కేంద్రానికి వెళ్లారు. వాళ్లలో మేరీ బీటీ నల్లజాతి మహిళ. నల్లవాళ్లు ఒరెగాన్‌లో ఉండనే కూడదని రాజ్యాంగంలో రాసుకున్న రాష్ట్రంలో ఆ నలుగురూ ఒకే వరుసలో నిలబడ్డారు. అధికారులు వాళ్ల చీటీలు తీసుకున్నారు, కానీ పెట్టెలో వేయలేదు. ఆ చీటీల్ని పెట్టె అడుగున, బయటే ఉంచారు. అవి లెక్కలోకి రాలేదు.

ఓటు రాకముందు ఆమె వల్ల ఏమైనా మారిందా?

మారింది. 1872లో ఒరెగాన్‌లో ఒక చట్టం వచ్చింది. సొంతంగా వ్యాపారం చేసే పెళ్లైన ఆడది తన పేరు నమోదు చేసుకుంటే, ఆమె సరుకునీ సామాన్లనీ భర్త అప్పులవాళ్లు జప్తు చేయకూడదు. 1878లో పెళ్లైన ఆడవాళ్ల ఆస్తి హక్కుల చట్టం వచ్చింది. ఈ రెండింటి కోసం డునివే పత్రికలో రాసింది, శాసనసభ మెట్లెక్కి అడిగింది. షెరీఫ్ కాగితం అందుకున్న మనిషికి ఈ చట్టాల విలువ ఇంకెవరో చెప్పనక్కర్లేదు.

సొంత తమ్ముడే ఆమెకి ఎదురు తిరిగాడా?

అవును. హార్వే స్కాట్ ఆమె తమ్ముడు. అదే ఎడ్లబండ్లలో కలిసి వచ్చినవాడు. ఒరెగాన్‌లో అన్నింటికంటే పెద్ద దినపత్రిక 'ఒరెగోనియన్'కి చాలా ఏళ్లు సంపాదకుడు. ఆడవాళ్ల ఓటుకి అతని పత్రిక వ్యతిరేకం. 1900లో ఆడవాళ్లకి ఓటు ఇవ్వాలా అన్న ప్రశ్న మగవాళ్ల ఓటుకి వచ్చినప్పుడు, గెలుపు చేతికి అందినట్టే అందింది. అనుకూలంగా 26,265 ఓట్లు, వ్యతిరేకంగా 28,402. రెండు వేల పైచిలుకు తేడాతో ఓడిపోయారు. తమ్ముడి పత్రికే ముంచిందని ఆమె నమ్మింది. 1910లో అతను చనిపోయేదాకా ఈ విషయంలో ఇద్దరికీ పొత్తు కుదరలేదు.

అన్నిసార్లు ఎందుకు ఓడిపోయారు?

ఒరెగాన్ మగవాళ్లు ఈ ప్రశ్న మీద ఆరుసార్లు ఓటేశారు. 1884, 1900, 1906, 1908, 1910, 1912. మొదటి ఐదుసార్లూ కాదన్నారు. 1902లో ఒక కొత్త పద్ధతి వచ్చింది. జనం తగినన్ని సంతకాలు పోగేస్తే శాసనసభ ఒప్పుకోకపోయినా ప్రతిపాదనని నేరుగా ఓటుకి పెట్టొచ్చు. అందుకే 1906 నుంచి రెండేళ్లకోసారి పెట్టగలిగారు.

ఓటమికి పెద్ద కారణం మద్యం వ్యాపారం. ఆడవాళ్లకి ఓటొస్తే మద్యనిషేధం తెస్తారని సారాయి దుకాణాలవాళ్లు, బీరు తయారీదార్లు భయపడి డబ్బు కుమ్మరించారు. ఇక్కడ డునివే పట్టిన దారి చాలామందికి నచ్చలేదు. తాగుడు మంచిదని ఆమె అనలేదు. కానీ ఓటునీ మద్యనిషేధాన్నీ ముడిపెట్టొద్దని గట్టిగా వాదించింది. నిషేధ ఉద్యమ మహిళలతో బహిరంగంగానే తగువు పడింది. హడావుడి సభలు వద్దు, పలుకుబడి ఉన్న మగవాళ్లని ఒక్కొక్కరినీ కలిసి నిశ్శబ్దంగా ఒప్పిద్దాం, శత్రువు మేలుకోకముందే గెలుద్దాం అన్నది ఆమె పద్ధతి.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా దుకాణాల మీద తిరగబడి గెలిచిన సంగతి తెలిసిన మనకి డునివే వాదన మొదట మింగుడుపడదు. నాకూ పడలేదు. కానీ రెండింటికీ తేడా ఉంది. దూబగుంట నాటికి ఆడవాళ్ల చేతిలో ఓటుంది, ఏ పార్టీ అయినా వాళ్ల మాట వినక తప్పదు. డునివేకి ఓటు ఇవ్వాల్సింది మగవాళ్లు, అందులో తాగేవాళ్లే ఎక్కువ. ఆ లెక్కలో ఆమె ఎత్తుగడకి అర్థం ఉంది.

1905లో జాతీయ ఓటు హక్కుల సంఘం మహాసభ పోర్ట్‌లండ్‌లో జరిగింది. మరుసటి ఏడాది ప్రచారాన్ని తూర్పు నుంచి వచ్చిన జాతీయ నాయకులే చేతిలోకి తీసుకుని బహిరంగంగా హోరెత్తించారు. పదివేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. నా మాట వినలేదని డునివే మండిపడింది, జాతీయ నాయకురాలు ఆనా హోవర్డ్ షాతో మాటలు తెగేదాకా వెళ్లింది. అయితే తర్వాత 1908, 1910ల్లో పగ్గాలు మళ్లీ డునివే చేతికొచ్చినా తేడా ఇరవై వేలు దాటింది. 1910లో పన్ను కట్టే ఆడవాళ్లకే ఓటు అడిగినట్టు ప్రతిపాదన రాయడం ఆమె చేసిన తప్పని నా అభిప్రాయం. వెన్న అమ్ముకునే ఆడదాని పేరు మీద పన్ను ఎక్కడుంటుంది? ఆమె మొండితనం ఉద్యమాన్ని నిలబెట్టింది, అదే మొండితనం కొత్తవాళ్లని దూరం కూడా చేసింది.

పక్క ప్రాంతాల్లో ముందే ఎలా వచ్చింది?

వ్యోమింగ్‌లో 1869లోనే వచ్చింది. మరుసటి ఏడాది యూటాలో. జనం పలచగా ఉన్న చోట్ల ఆడవాళ్లని రప్పించుకోవాలన్న ఆశ, పార్టీల లెక్కలు, ఇలా కారణాలు చోటుకొకటి. వాషింగ్టన్‌లో 1883లో వచ్చింది, కోర్టు 1887లో కొట్టేసింది, మళ్లీ 1910లో వచ్చింది. ఐడహోలో డునివే కుటుంబానికి పశువుల పొలం ఉండేది. 1889లో అక్కడి రాజ్యాంగ సభ ముందు ఆమె మాట్లాడింది. 1896లో ఐడహో ఆడవాళ్లకి ఓటు ఇచ్చింది. అంటే చుట్టుపక్కల తాను ప్రచారం చేసిన చోట్ల ముందే గెలిచి, సొంత రాష్ట్రంలో మాత్రం అన్నింటికంటే ఆలస్యంగా గెలిచింది.

1912లో ఎలా గెలిచారు?

వాషింగ్టన్ 1910లో, కాలిఫోర్నియా 1911లో ఇచ్చేశాక పైనా కిందా ఉన్న రెండు రాష్ట్రాల మధ్య ఒరెగాన్ ఒక్కటే మిగిలింది. ఈలోగా ఎస్తర్ పోల్ లవ్‌జాయ్ అనే డాక్టర్ లాంటి కొత్త తరం ముందుకొచ్చింది. నల్లజాతి మహిళల సంఘానికి హాటీ రెడ్‌మండ్ నాయకత్వం వహించింది. పోర్ట్‌లండ్ చైనా మహిళలు కూడా ఒక సంఘం పెట్టుకున్నారు. డునివే ఆ ఏడాది చాలాకాలం మంచం మీదే ఉంది. అనుకూలంగా 61,265, వ్యతిరేకంగా 57,104 ఓట్లు పడ్డాయి.

గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ ఓటు హక్కు ప్రకటనని ఆమెనే రాయమని అడిగాడు. నవంబర్ 30న, పోర్ట్‌లండ్‌లోని ఆమె ఇంట్లో, ఆమె చేతిరాతతో ఉన్న ఆ ప్రకటన మీద గవర్నర్‌తో పాటు ఆమె కూడా సంతకం చేసింది. ఒకప్పుడు తన ఇల్లు పోతుంటే సంతకం మీద హక్కు లేని మనిషి ఆమె. ఆ సంతకం నాటి ఫొటో చూసిన ప్రతిసారీ నా కళ్లు ఆమె చేతి మీదే ఆగిపోతాయి. పోర్ట్‌లండ్ ఉన్న మల్ట్‌నోమా కౌంటీలో ఓటరుగా పేరు నమోదు చేసుకున్న మొదటి మహిళ కూడా ఆమే.

ఆ హక్కు ఆడవాళ్లందరికీ వచ్చిందా?

రాలేదు. పౌరసత్వం ఉన్నవాళ్లకే ఓటు. ఆదివాసీలందరికీ అమెరికా పౌరసత్వం 1924లో గానీ రాలేదు. చైనా నుంచి వలస వచ్చినవాళ్లకి 1943 దాకా పౌరసత్వం పొందే వీలే లేదు. మన దేశం నుంచి వెళ్లినవాళ్ల సంగతీ అంతే. ఒరెగాన్‌లోని కలప మిల్లుల్లో పంజాబీ కూలీలు అప్పటికే పనిచేస్తున్నారు. వాళ్లలో ఒకడైన భగత్ సింగ్ థింద్‌కి ఒరెగాన్ కోర్టు ఇచ్చిన పౌరసత్వాన్ని 1923లో అమెరికా సుప్రీంకోర్టు చెల్లదంది. భారతీయులకి ఆ తలుపు తెరుచుకున్నది 1946లో. ఈ రోజు పోర్ట్‌లండ్ పక్కన హిల్స్‌బరోలో ఐటీ ఉద్యోగాలు చేస్తూ అక్కడి పౌరులై ఓటేస్తున్న తెలుగువాళ్లకి ఈ తేదీలు తెలిసి ఉంటే మంచిది.

అదే కాలంలో మన దగ్గర పరిస్థితి ఏమిటి?

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. మద్రాసు శాసనసభ 1921లో ఆడవాళ్లకి ఓటు ఇచ్చింది, బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాల్లో అదే ముందు. కానీ ఆస్తి, పన్ను లాంటి షరతులుండేవి. ఆస్తి ఆడవాళ్ల పేరు మీద ఉండటమే అరుదు కాబట్టి ఓటు కూడా అరుదే. ఆస్తితో పనిలేకుండా అందరికీ ఓటు వచ్చింది రాజ్యాంగం వచ్చాక, 1951-52 ఎన్నికల్లో. వారసత్వ ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చింది 1980ల మధ్యలో. డునివే మొదట అడిగింది సంపాదన మీద అధికారం, దానికోసం ఓటు. మనకి ఓటు ముందొచ్చింది, ఆస్తి హక్కు మెల్లగా వెనక వచ్చింది.

పిల్లలు ఏమయ్యారు?

ఒక కూతురు, ఐదుగురు కొడుకులు. కూతురు క్లారా బెల్ 1886లో క్షయతో చనిపోయింది. విల్లిస్ ఒరెగాన్ ప్రభుత్వ ముద్రణాధికారి అయ్యాడు. క్లైడ్ మోంటానా, వ్యోమింగ్ విశ్వవిద్యాలయాలకు అధ్యక్షుడిగా పనిచేశాడు.

ఎప్పుడు చనిపోయింది? ఆమె పేరు మీద ఇప్పుడు ఏమున్నాయి?

1915 అక్టోబర్ 11న పోర్ట్‌లండ్‌లో. దేశమంతా ఆడవాళ్లకి ఓటు ఇచ్చిన అమెరికా రాజ్యాంగ 19వ సవరణ 1920లో వచ్చింది, అది ఆమె చూడలేదు. పోర్ట్‌లండ్‌లో ఆమె పేరు మీద డునివే పార్కు, ఒక ప్రాథమిక పాఠశాల ఉన్నాయి. సమాధి రివర్ వ్యూ శ్మశానంలో ఉంది.

ఆమె రాసినవి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

1914లో వచ్చిన ఆత్మకథ 'పాత్ బ్రేకింగ్' ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు. చివరి అధ్యాయాల్లో పాత తగువుల లెక్కలు ఎక్కువ. పొలం, నోట్లు, టోపీల కొట్టు ఉన్న తొలి భాగం చదివితే చాలు. తర్వాత 'ద న్యూ నార్త్‌వెస్ట్' పాత సంచికలు చూడండి. ఒరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్లు వాటిని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. సంపాదకీయాలు వదిలేసి నేరుగా పాఠకుల ఉత్తరాలకి ఆమె ఇచ్చిన జవాబులు తెరవండి. ఊళ్లలో పేరు చెప్పుకోలేని ఆడవాళ్లు ఏం అడిగారో అక్కడ ఉంది.